నూరు జీబీల గేమ్, రోజుకు రెండు జీబీల నెట్: సరిహద్దు ఊళ్లవాళ్లకు ఒక దారి

సేల్ వచ్చినప్పుడు నాలుగైదు వందలకు దొరుకుతున్న గేమ్‌ను చూసి మనవాళ్లు ముందు ధర అడుగుతారు. అడగాల్సింది సైజు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో, రాయగడ పక్కన ఏ కొండకింద పల్లెలోనో కూర్చుని ఫోన్ హాట్‌స్పాట్ మీద నూరు జీబీలు దించాలంటే, గేమ్ ఖరీదు కన్నా దాన్ని ఇంటికి చేర్చే ఖర్చే ఎక్కువవుతుంది. ఏనుగును కొన్నాక అంకుశం దగ్గర బేరం లేదంటారు గానీ, ఇక్కడ అంకుశానిదే అసలు ధర.

2003లో పీసీ మీద జీటీఏ వైస్ సిటీ అడిగిన చోటు 915 ఎంబీ. రెండు సీడీల్లో వచ్చేది. 2015లో జీటీఏ ఫైవ్ పీసీకి వచ్చినప్పుడు 65 జీబీ అడిగింది. 2019లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కు 150 జీబీ కావాల్సి వచ్చింది. 2023లో బాల్డర్స్ గేట్ 3 కూడా అంతే అడిగింది. అంటే 2003 నుంచి 2019కి, పదహారేళ్లలో నూట అరవై రెట్లు. మన డేటా ప్యాకులూ పెరిగాయి, నిజమే. కానీ రోజుకు ఇంత అని కొలిచిపోసే ప్యాకులు గేమ్‌ల కోసం పుట్టినవి కావు.

అందుకే ఇక్కడ చెప్పేదంతా ఒక్క ఆలోచన మీద నడుస్తుంది. పెద్ద గేమ్‌ను ఎప్పుడు పడితే అప్పుడు దించుకోవచ్చులే అనుకోకూడదు. ఒకసారి తెచ్చుకుని, జాగ్రత్తగా దాచుకుని, నలుగురూ వాడుకోవాలి. ముందు పీసీ సంగతి, తర్వాత కొంచెం కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టె), ఫోన్.

1. కొనకముందు కాగితం మీద లెక్క

గేమ్ పేజీలో సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ అనేచోట స్టోరేజ్ వరుస చూడండి. అది డిస్క్‌లో పట్టే చోటు. డౌన్‌లోడ్ సైజు దానికన్నా కాస్త తక్కువే ఉంటుంది, ఎందుకంటే ఫైళ్లు కుదించి పంపుతారు. అయినా లెక్కకు పెద్ద అంకెనే పట్టుకోండి.

తర్వాత స్పీడు. నెట్ కంపెనీ 30 ఎంబీపీఎస్ అన్నప్పుడు అది మెగాబిట్లు. గేమ్ సైజు మెగాబైట్లలో, గిగాబైట్లలో ఉంటుంది. బైట్‌కు ఎనిమిది బిట్లు కాబట్టి 30ని ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 3.75 ఎంబీ. ఆ లెక్కన నూరు జీబీ దిగడానికి ఏడున్నర గంటలు. నిజంగా 10 ఎంబీపీఎస్ మాత్రమే అందుతుంటే 22 గంటలు. పీసీ గేమ్‌లు అమ్మి, దించిపెట్టే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో స్పీడును బిట్లలో చూపించాలా బైట్లలో చూపించాలా అనేది సెట్టింగ్స్‌లోని డౌన్‌లోడ్స్‌లో మార్చుకోవచ్చు. బైట్లలో పెట్టుకుంటే ఇంకెన్ని గంటలో మనసులోనే తేలిపోతుంది.

రోజుకు 2 జీబీ ప్యాక్ మీదైతే స్పీడుతో పనే లేదు, నూరు జీబీకి యాభై రోజులు. అదీ వాట్సాప్, యూట్యూబ్ అన్నీ మానేస్తే. రోజు కోటా అయిపోయాక చాలా ప్యాకుల్లో స్పీడు 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. “నెమ్మదిగా అయినా వస్తుందిగా, రాత్రంతా వదిలేద్దాం” అనేవాళ్ల కోసం ఈ లెక్క: 64 కేబీపీఎస్ అంటే సెకనుకు 8 కిలోబైట్లు. నూరు జీబీకి సుమారు 145 రోజులు. ఈలోపు ఎన్ని అప్‌డేట్లు వచ్చిపడతాయో చెప్పక్కర్లేదు.

2. మీ నెట్ ఏ రకమో తెలుసుకోండి

అన్‌లిమిటెడ్ అనే మాట కింద చిన్న అక్షరాల్లో ఒక హద్దు ఉంటుంది. ఇళ్లకు ఇచ్చే ఫైబర్ కనెక్షన్లలో నెలకు 3300 జీబీ దగ్గర ఆ హద్దు ఎక్కువగా కనిపిస్తుంది. ఒక ఇంటికి అది ధారాళం, గేమ్‌లకైనా సరే. గాలిలో వచ్చే ఎయిర్ ఫైబర్ రకానికి నెలకు వెయ్యి జీబీ అన్న లెక్క మామూలు. వెయ్యి అంటే చాలనిపిస్తుంది. ఇంట్లో టీవీ కూడా దాని మీదే నడుస్తూ, అన్నదమ్ములిద్దరూ ఒకే నెలలో రెండేసి పెద్ద గేమ్‌లు దించితే నెలాఖరుకు ముందే తెలిసొస్తుంది. మొబైల్‌లో 5జీ డేటాకు హద్దు లేని ప్యాకులున్నాయి, కానీ 5జీ సిగ్నల్ అందినంతసేపే ఆ వరం. ఫోన్ 4జీకి జారిన క్షణం నుంచి రోజు కోటా కరుగుతుంది. హాట్‌స్పాట్ పెట్టి పెద్ద గేమ్ మొదలుపెట్టి నిద్రపోయేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. టౌన్ నడిబొడ్డున 5జీ బాగున్నా కొండవైపు ఇళ్లలో రాత్రికి రాత్రే 4జీ అయిపోవడం ఉన్నదే.

సరిహద్దువాళ్లకు ఇంకో తిప్పలుంది. పాతపట్నం, పర్లాకిమిడి ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి. కూనేరు దాటితే రాయగడ. సాలూరు ఘాట్ ఎక్కితే సుంకి, పొట్టంగి. మోటు దగ్గరైతే నది అవతల ఒక సర్కిల్ (ఫోన్ కంపెనీల లెక్కలో ఒక ప్రాంతం), ఇవతల ఇంకో సర్కిల్. ఆంధ్రా సర్కిల్ సిమ్ ఉన్న ఫోన్ ఒడిశా టవర్‌ను పట్టుకుంటే రోమింగ్ గుర్తు వస్తుంది. ఇప్పటి అన్‌లిమిటెడ్ ప్యాకుల్లో దేశం లోపలి రోమింగ్‌కు విడిగా కోత లేదు. కానీ ఫోన్‌లో డేటా రోమింగ్ ఆపి ఉంటే నెట్ ఠక్కున ఆగిపోతుంది. సిగ్నల్ నిండుగా ఉన్నా డౌన్‌లోడ్ కదలడం లేదంటే టవర్‌ను తిట్టేముందు ఆ మీట చూడండి. ఎప్పుడూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లయితే ఫోన్‌ను ఏ కిటికీ దగ్గర పెడితే ఏ సర్కిల్ టవర్ తగులుతుందో కనిపెట్టి అక్కడే ఉంచడం మేలు. టవర్ మారినప్పుడల్లా కనెక్షన్ తెగి మళ్లీ అతుక్కుంటుంది, ఆ మేరకు టైమ్ పోతుంది.

3. బరువంతా ఎక్కడుందో తెలిస్తే కొంత దించకుండానే వదిలేయొచ్చు

గేమ్ సైజులో కోడ్ వాటా చాలా తక్కువ. బరువంతా గోడలకు, ముఖాలకు, నేలకు అంటించే బొమ్మల్లో ఉంటుంది. వాటిని టెక్స్‌చర్లంటారు. 2048 పిక్సెళ్ల నలుచదరపు టెక్స్‌చర్ కుదించాక సుమారు 4 ఎంబీ అనుకుంటే, 4096ది 16 ఎంబీ. పొడవు, వెడల్పు రెండింతలైతే బరువు నాలుగింతలు. ఇలాంటివి వేలల్లో ఉంటాయి. వాటి తర్వాత మాటలు, పాటలు, ముందే తీసిపెట్టిన వీడియోలు. ఇంగ్లీష్ ఒక్కటే వినేవాడి డిస్క్‌లోకీ కొన్ని గేమ్‌లు నాలుగైదు భాషల డబ్బింగ్‌ను మోసుకొస్తాయి.

2014లో వచ్చిన టైటన్‌ఫాల్ పీసీలో 48 జీబీ ఉంటే, అందులో 35 జీబీ ఒట్టి శబ్దమే. తక్కువ శక్తి ఉన్న కంప్యూటర్లు ఆడుతూ ఆడుతూ ఆడియోను విప్పుకోలేవని, కుదించకుండా అలాగే ఇచ్చారు.

ఇంకా చిత్రమైనది ఒకే ఫైలును పదేపదే రాసిపెట్టడం. పాత హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం మీద సూది వెతుక్కుంటూ పోవాలి. వెతుకులాట తగ్గాలని ఒకే వస్తువును ప్రతి వీధికి పక్కనే ఒక కాపీ చొప్పున పెట్టేవారు. స్పైడర్‌మ్యాన్ గేమ్‌లో కొన్ని వస్తువులు డిస్క్ మీద 400 సార్లు ఉన్నాయని 2020లో తమ పీఎస్5 కన్సోల్ గురించి చెబుతూ సోనీ రూపశిల్పి మార్క్ సెర్నీ బయటపెట్టారు. కదిలే భాగాల్లేని కొత్త రకం డిస్క్ అయిన ఎస్ఎస్‌డీలో సూదీ లేదు, పళ్లెమూ లేదు. కాబట్టి ఆ కాపీలతో పనిలేదు. హెల్‌డైవర్స్ 2 పీసీలో 154 జీబీ దాకా ఉబ్బి, 2025 చివర్లో ఆ కాపీలన్నీ తీసేశాక 23 జీబీకి దిగింది. ఆట అదే, బొమ్మలవే. అంతకుముందు 2020లో ఫోర్ట్‌నైట్ కూడా పీసీలో 90 జీబీ పైనుంచి 30 జీబీ లోపుకు తగ్గింది. ప్రతి జీబీ మన ఆనందం కోసమే ఉందనుకోవడం భ్రమ. చాలాసార్లు అది తయారుచేసేవాళ్లు సర్దుకోలేకపోయిన సామాను.

మన చేతిలో ఉన్నది ఇంత. స్టీమ్‌లో గేమ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. అక్కడ డీఎల్‌సీ (గేమ్‌కు విడిగా చేర్చే అదనపు సరుకు) జాబితాలో హై రిజల్యూషన్ టెక్స్‌చర్ ప్యాక్ లాంటిది ఉంటే టిక్ తీసేయండి. 1080పీ తెర మీద, మామూలు గ్రాఫిక్స్ కార్డుతో ఆడేవాళ్లకు దాని తేడా దాదాపు కనబడదు. భాషల వరుసలో ఒక్కటే ఉంచండి. కాల్ ఆఫ్ డ్యూటీ లాంటి వాటిలో క్యాంపెయిన్ అనే కథ భాగం, నలుగురితో ఆడే మల్టీప్లేయర్ వేర్వేరుగా వేసుకునే, తీసేసే వీలుంది. 2020 నాటికి ఆ వరుసలోని మోడర్న్ వార్‌ఫేర్, వార్‌జోన్ కలిసి పీసీలో 200 జీబీ దాటాయి. రాత్రిపూట స్నేహితులతో వార్‌జోన్ మాత్రమే ఆడేవాడు కథ భాగాన్ని డిస్క్‌లో మోయడం దండగ.

4. డిస్క్‌లో చోటు

512 జీబీ అని రాసిన ఎస్ఎస్‌డీ విండోస్‌లో 476గా కనిపిస్తుంది. మోసం కాదు, కంపెనీ వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది. అదే లెక్కన ఒక టీబీ 931. అందులో విండోస్, మిగతా సామాను పోగా మిగిలేది మీ చోటు.

ముందు ఏది తింటోందో చూడండి. విజ్‌ట్రీ, విన్‌డిర్‌స్టాట్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాములు ఏ ఫోల్డర్ ఎంత ఆక్రమించిందో బొమ్మ గీసి చూపిస్తాయి. ఆడటం మానేసి ఏడాదైన గేమ్, తీసేశాక కూడా మిగిలిపోయిన మోడ్ (గేమ్‌ను మార్చే అదనపు ఫైళ్లు) ఫోల్డర్లు, ఆటలో రికార్డ్ చేసిన వీడియోలు, ఎక్కువగా పట్టుబడేవి ఇవే. వీడియోల సంగతి ఎవరూ అనుకోరు గానీ, చాలా ఇళ్లలో అసలు దొంగ అదే.

కొత్తగా కొనేవాళ్లకు నా సలహా: ఆడుతున్న రెండు మూడు గేమ్‌లకు ఎస్ఎస్‌డీ, మిగతావి దాచడానికి చవకైన బయటి హార్డ్ డిస్క్. పాత గేమ్‌లు హార్డ్ డిస్క్ మీద బాగానే ఆడతాయి. కొత్తవాటిలో చాలా వరకు ఎస్ఎస్‌డీ తప్పనిసరని రాసే ఉంటుంది. స్టీమ్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌లోకి వెళ్లి రెండో డిస్క్‌ను చేర్చుకుంటే, గేమ్‌ను టిక్ చేసి మూవ్ నొక్కడంతో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్తుంది, నెట్ ఖర్చు సున్నా. డిలీట్ చేసి మళ్లీ దించుకునే అలవాటు ఫైబర్ ఉన్న హైదరాబాద్ వాళ్లది, మనది కాదు.

కొంత చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. కొన్ని గేమ్‌లు ఫైళ్లన్నిటినీ కొన్ని పెద్ద మూటలుగా కడతాయి. ప్యాచ్ (గేమ్‌కు తర్వాత వచ్చే సవరణ) 3 జీబీయే అయినా దాన్ని కలపాలంటే స్టీమ్ ఆ మూటను విప్పి కొత్తది కట్టాలి, అంతసేపూ పాతదీ కొత్తదీ రెండూ ఉండాలి. “3 జీబీ అప్‌డేట్‌కు 60 జీబీ ఖాళీ అడుగుతోంది, పిచ్చా?” అనే కోపానికి కారణం ఇదే.

5. అడగకుండా దిగేవాటికి కళ్లెం

పెద్ద డౌన్‌లోడ్ కన్నా చాటుగా దిగే చిన్నవే మొబైల్ నెట్‌ను మింగేస్తాయి. స్టీమ్ సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్‌లోకి వెళ్లి, ఆటోమేటిక్ అప్‌డేట్లకు ఒక సమయం కట్టండి. అర్ధరాత్రి నుంచి తెల్లవారే దాకా ఉచిత డేటా ఇచ్చే ప్యాక్ ఉంటే ఆ గంటలే ఇవ్వండి. అక్కడే స్పీడుకు హద్దు కూడా పెట్టొచ్చు, ఇంట్లో నాన్నగారి టీవీ ఆగకుండా. ఎప్పుడో ఆడే గేమ్‌కు ప్రాపర్టీస్‌లో, నేను తెరిచినప్పుడే అప్‌డేట్ చెయ్యి అనే ఎంపిక పెట్టండి.

హాట్‌స్పాట్ వాడేటప్పుడు విండోస్‌లో ఆ వైఫై పేరు మీద మీటర్డ్ కనెక్షన్ (ఇది కొలిచిపోసే నెట్ అని చెప్పే మీట) ఆన్ చేయండి. విండోస్ అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. కానీ స్టీమ్ లాంటి గేమ్ లాంచర్లు ఆ మాట వింటాయని నమ్మకండి, ఒక్కోదాన్నీ లోపలికెళ్లి విడిగా ఆపాలి. కంప్యూటర్ తెరవగానే వాటంతట అవే లేచే లాంచర్లను స్టార్టప్ జాబితాలోంచి తీసేస్తే సగం పీడ విరగడవుతుంది.

6. ఒకరు దించి నలుగురు పంచుకోవడం

అసలు కిటుకు ఇక్కడుంది. గేమ్ ఫైళ్లు, గేమ్ హక్కు రెండూ వేర్వేరు. హక్కు మీ అకౌంట్‌లో ఉంటుంది. ఫైళ్లు ఎక్కడినుంచి వచ్చినా ఒకటే. విశాఖలోనో బరంపురంలోనో హాస్టల్ వైఫై ఉన్న మీ అబ్బాయి, అదే గేమ్ కొన్న స్నేహితుడు, ఎవరి దగ్గరైనా ఉంటే డిస్క్‌లో తెచ్చుకోవచ్చు. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే రైల్లో ఒక సంచీలో టీబీ డిస్క్ వస్తే, ఆ బండి కన్నా వేగంగా ఆ బరువును ఇక్కడికి తెచ్చే మొబైల్ నెట్ ఇంకా లేదు.

స్టీమ్ గేమ్ అయితే ఇలా చేయండి. అవతలి కంప్యూటర్‌లో గేమ్ పూర్తిగా అప్‌డేట్ అయ్యిందో లేదో చూడండి. దాని ప్రాపర్టీస్‌లో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్ కింద బ్యాకప్ అనే మీట ఉంటుంది. అది నొక్కి డిస్క్‌లోకి తీసుకుని, మీ స్టీమ్‌లో రిస్టోర్ చేయండి. లేదా స్టీమ్‌యాప్స్ లోపలి కామన్ ఫోల్డర్‌లోంచి ఆ గేమ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుని, మీ దగ్గర అదే చోట అతికించి, స్టీమ్‌లో ఇన్‌స్టాల్ నొక్కండి. ఉన్న ఫైళ్లను అది గుర్తుపట్టి సరిచూసుకుని, తగ్గినవి మాత్రమే దించుతుంది.

స్టీమ్ లాంటి ఇంకో దుకాణం ఎపిక్ కాస్త మొండిది. ముందు మీ కంప్యూటర్‌లో గేమ్ డౌన్‌లోడ్ మొదలుపెట్టండి. రెండు మూడు శాతం దిగాక ఆపి, లాంచర్‌ను పూర్తిగా మూసేయండి. తెచ్చిన ఫోల్డర్‌ను దాని మీద అతికించి, పాతవాటి మీద రాయమనండి. మళ్లీ తెరిచి కొనసాగించమంటే ఫైళ్లను సరిచూసుకుని ముందుకు పోతుంది.

ఇద్దరి కంప్యూటర్లూ ఒకే ఇంట్లో ఉంటే డిస్క్ కూడా అక్కర్లేదు. 2023లో స్టీమ్‌కు లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ వచ్చింది. రెండూ ఒకే రౌటర్‌కు తగిలించి, డౌన్‌లోడ్స్ సెట్టింగ్‌లో దాన్ని ఆన్ చేస్తే, రెండో కంప్యూటర్ మొదటిదాంట్లోంచే లాక్కుంటుంది. వైఫై కన్నా తీగతో కలిపితే పని తొందరగా అవుతుంది.

డిస్క్ ఎంపికలో రెండు జాగ్రత్తలు. ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌గానో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానో మార్చండి. మార్చితే అందులో ఉన్నవి చెరిగిపోతాయి, ముందే తీసుకోండి. రెండోది, యూఎస్‌బీ 2 రంధ్రంలో పెడితే నూరు జీబీకి గంట దాకా పట్టొచ్చు, యూఎస్‌బీ 3లో మామూలు హార్డ్ డిస్క్‌తో ఇరవై నిమిషాల చిల్లర. సాధారణంగా 3ది లోపల నీలంగా ఉంటుంది.

క్రాక్ చేసిన రీప్యాక్‌లు, అంటే తాళం పగలగొట్టి బాగా కుదించి పంచే దొంగ కాపీలు, “సగం సైజే” అని ఊరించే దోస్తులు ప్రతి వీధిలో ఉంటారు. అవి విప్పుకోవడానికి పాత ప్రాసెసర్ మీద గంటలు పడుతుంది, అప్‌డేట్లు రావు. యాంటీవైరస్ ఆపేయండి అని మొదటి వాక్యంలోనే చెప్పే వస్తువును మీ బ్యాంకు యాప్ తెరిచే కంప్యూటర్‌లోకి రానివ్వకండి.

7. కరెంటు పోతే

వేసవి సాయంత్రాల గాలివానకు కరెంటు పోవడం, స్తంభాల మీద లాగిన కేబుల్ తెగడం మనకు కొత్త కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ఎలా ఊడ్చేసిందో ఇక్కడివాళ్లెవరూ మర్చిపోలేదు. స్టీమ్, ఎపిక్ డౌన్‌లోడ్లు ఆగిన చోటినుంచే మొదలవుతాయి, ఆ దిగులు వద్దు. ప్రమాదం డౌన్‌లోడ్ మధ్యలో కాదు, ప్యాచ్ కలుపుతున్నప్పుడు, ఫోల్డర్ ఒక డిస్క్‌లోంచి ఇంకోదాంట్లోకి వెళ్తున్నప్పుడు. ఆ పనులు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నప్పుడో, యూపీఎస్ ఉన్నప్పుడో పెట్టుకోండి. ఏదైనా తేడా వస్తే మొత్తం తీసేసి మళ్లీ దించకండి. వెరిఫై ఇంటిగ్రిటీ అనే మీట నొక్కితే పాడైన ముక్కలే మళ్లీ వస్తాయి. రౌటర్‌కు మాత్రమే పనికొచ్చే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, ఫైబర్ ఉన్నవాళ్లు ఒకటి పెట్టుకుంటే మంచిది.

8. కన్సోల్, ఫోన్

మొదటి పీఎస్5లో 825 జీబీ అని రాసున్నా వాడుకోవడానికి మిగిలేది సుమారు 667. 512 జీబీ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో 364. పీఎస్5 గేమ్‌లను బయటి యూఎస్‌బీ డిస్క్‌లో దాచొచ్చు గానీ అక్కడినుంచి ఆడలేం, ఆడాలంటే లోపలికి తెచ్చుకోవాలి. దించుకోవడం కన్నా ఆ తేవడం ఎంతో నయం. పీఎస్4 గేమ్‌లు మాత్రం బయటి డిస్క్ నుంచే ఆడతాయి. నెట్ తక్కువున్నవాళ్లు డిస్క్ పెట్టుకునే కన్సోలే కొనండి. డిస్క్‌లో గేమ్ మొత్తం ఉండకపోయినా, తర్వాత ప్యాచ్ దిగాల్సివచ్చినా, మొదటి పెద్ద బరువులో చాలా భాగం అక్కడే తీరుతుంది. ఆడటం అయ్యాక అమ్ముకోనూ వచ్చు.

ఫోన్‌లో ప్లే స్టోర్ ఆటో అప్‌డేట్‌ను వైఫైలో మాత్రమే అని పెట్టండి. బీజీఎంఐ లాంటివి వేశాక లోపల మ్యాపులు, హెచ్‌డీ ప్యాకులు విడిగా దించమంటాయి. ఆడే మ్యాపులే తీసుకోండి.

గేమ్ ఎక్కడో కంపెనీ కంప్యూటర్‌లో నడుస్తూ మనకు వీడియోగా వచ్చే క్లౌడ్ గేమింగ్‌లో డౌన్‌లోడే లేదు కదా అంటారు. 20 ఎంబీపీఎస్ చొప్పున వీడియో వస్తుంటే గంటకు 9 జీబీ. పదకొండు గంటలు ఆడేసరికి నూరు జీబీల గేమ్ దించినంత పోతుంది. గేమ్ అయితే ఒకసారి దించితే ఎన్ని గంటలైనా మీదే.

పెద్దది దిగేలోపు చేతులు ఊరికే ఉంచుకోనక్కర్లేదు. స్టార్‌డ్యూ వ్యాలీ అడిగే చోటు 500 ఎంబీ, టెరారియా అంతకన్నా తక్కువ. హాలో నైట్‌కు 9 జీబీ, పోర్టల్ 2కు 8. మొదటి రెండూ రోజుకు రెండు జీబీల ప్యాక్ మీద ఒకే పూటలో దిగుతాయి, మిగిలిన డేటాలో అమ్మ సీరియల్ కూడా చూసుకోవచ్చు.